ఆయిల్ పెంచే ముందు లీకు వెతకండి

సంపాదకులకు నమస్కారం.

మీ వాహనాల పేజీలో గాలితో చల్లబడే (ఎయిర్ కూల్డ్) టూ స్ట్రోక్ ఏటీవీ (బురదలో, ఇసుకలో తిరిగే లావు టైర్ల బండి) ఇంజిన్ వేడెక్కితే ఏం చెయ్యాలో రాశారు. సిలిండర్ చుట్టూ ఉండే రెక్కల్ని, అంటే ఫిన్స్‌ని, శుభ్రంగా పెట్టుకోమన్నారు, బాగుంది. బండికి మధ్యమధ్యలో ఊపిరి తీసుకోనివ్వమన్నారు, అదీ బాగుంది. చివర్లో మాత్రం పెట్రోల్‌లో ఆయిల్ పాళ్లు పెంచితే ఇంజిన్ చల్లగా నడుస్తుందని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఈ ఉత్తరం ఆ ముక్క గురించే.

నాది సిలిండర్లు బోరు చేసే పని, అంటే లోపలి గోడని కోసి కొత్త పిస్టన్‌కి సరిపోయేలా చెయ్యడం. నా దగ్గరికి బండి రాదు. మెకానిక్ విప్పి సంచిలో వేసిన సిలిండరూ, పిస్టనూ వస్తాయి. వాటితో పాటు ఒక చీటీ వస్తుంది: "పట్టేసింది, రీబోర్ చెయ్యాలి" అని. పట్టెయ్యడమంటే పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుపోవడం. ఎందుకు పట్టేసిందో మాత్రం ఆ చీటీలో ఉండదు. తెచ్చినవాళ్లని అడిగితే తరచుగా వినిపించే జవాబు, "ఆయిల్ ఎక్కువే పోశామండీ, అయినా పట్టేసింది". ఆ "అయినా" దగ్గరే తిరకాసంతా ఉంది.

లెక్క చూడండి. 50:1 అంటే పది లీటర్ల పెట్రోల్‌కి 200 మిల్లీలీటర్ల ఆయిల్. భయపడి దాన్ని 20:1 చేశారనుకుందాం, అప్పుడు అదే పది లీటర్లకి 500 మిల్లీలీటర్లు పడుతుంది. కార్బొరేటర్‌లో ఉన్న మెయిన్ జెట్‌కి ఇది పెట్రోలు, ఇది ఆయిలు అని తేడా తెలీదు. దాని రంధ్రంలోంచి ఎంత ద్రవం పోవాలో అంతే పోతుంది. మొదటి మిశ్రమంలో ప్రతి లీటరుకీ 980 మిల్లీలీటర్ల పెట్రోల్ పోతే, రెండోదాంట్లో 952 మాత్రమే పోతుంది. పైగా ఆయిల్ ఎక్కువైన మిశ్రమం చిక్కగా ఉంటుంది కాబట్టి ఇంకాస్త నెమ్మదిగా జారుతుంది. లోపలికి వచ్చే గాలి మాత్రం ఎప్పటంతే వస్తోంది. అంటే గాలికి తగ్గ పెట్రోల్ దాదాపు 3 శాతం తగ్గింది. జెట్‌ని ఒక మెట్టు చిన్నది చేస్తే జరిగేది ఇదే. వేడి తగ్గుతుందని ఆయిల్ పోసినవాడు నిజానికి పెట్రోల్‌కి కోత పెట్టాడు.

ఆయిల్ తగ్గించమని మాత్రం నేను చెప్పడం లేదు. తయారీ కంపెనీ పుస్తకంలో ఏ పాళ్లు రాస్తే అవే పొయ్యాలి. ఎక్కువ సేపు పూర్తి రేస్ మీద తిప్పేవాళ్లు ఆయిల్ పెంచుకుంటే తప్పులేదు, దానికి తగ్గట్టు జెట్ కూడా చూసుకోవాలి. ఆయిల్ పంపు ఉన్న బండైతే ఆ పంపు కేబుల్ గుర్తు సరిగ్గా కూర్చుందా, గొట్టంలో గాలి బుడగ ఇరుక్కుందా అన్నది ముందు చూడాలి. ఆ బుడగ పోయేదాకా సిలిండర్‌లోకి చుక్క ఆయిల్ రాదు.

పెట్రోల్ తగ్గితే వేడి ఎందుకు పెరుగుతుందో కూడా మీ వ్యాసంలో లేదు. టూ స్ట్రోక్‌లో క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) తిరిగిన ప్రతిసారీ మంట పుడుతుంది. ఫోర్ స్ట్రోక్‌లో లాగా మధ్యలో ఖాళీగా తిరిగే చుట్టు ఉండదు. ఫిన్స్ హెడ్‌నీ, సిలిండర్ గోడల్నీ చల్లార్చగలవు. లోపల కొట్టుకునే పిస్టన్‌ని తగిలే అవకాశం వాటికి లేదు. పిస్టన్ వేడి రింగుల మీదుగా, స్కర్టు (పిస్టన్ కింది పక్కభాగం) మీదుగా గోడకి చేరాలి. మిగతాది కింద క్రాంకు తిరిగే గదిలోకి, అంటే క్రాంకు కేసులోకి, వచ్చే తాజా మిశ్రమం తీసుకెళ్లాలి. పెట్రోల్ ఆవిరవుతూ పిస్టన్ అడుగు నుంచి వేడి లాగేస్తుంది. అందుకే ఈ ఇంజిన్లలో పెట్రోలే సగం కూలెంట్ అంటాను నేను. అది తగ్గితే మంట వేడీ పెరుగుతుంది, చల్లార్చేదీ తగ్గుతుంది. అల్యూమినియం పిస్టన్, ఇనుప స్లీవు (సిలిండర్ లోపలి గొట్టం) కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. రెంటి మధ్యా మేం వదిలే ఖాళీ మిల్లీమీటర్‌లో ఇరవయ్యో వంతు, అటూ ఇటుగా. అది మూసుకుపోవడానికి ఎంతోసేపు పట్టదు.

సంచిలోంచి పిస్టన్ తియ్యగానే నేను ముందు చూసేది ఎగ్జాస్ట్ వైపు. మిశ్రమంలో పెట్రోల్ తగ్గి పట్టేసిన పిస్టన్‌కి ఆ వైపు నిలువు గీతలు పడి ఉంటాయి. గీతల అంచున లోహం కరిగి పక్కకి పూసుకుపోయి రింగు గాడిని కప్పేస్తుంది. గోరుతో లాగితే రింగు కదలదు. ఇన్‌టేక్ వైపు మాత్రం స్కర్టు ఇంకా కొత్తదానిలా, మెషీన్ గీతలతో సహా మెరుస్తూ ఉంటుంది. ఒకే పిస్టన్ మీద రెండు వైపులకీ ఇంత తేడా ఉందంటే ఆయిల్ అందలేదన్న కథ నమ్మబుద్ధి కాదు. ఆయిలే అందకపోతే చుట్టూ గీరుకుపోవాలి కదా. పిస్టన్ చుట్టూ నాలుగు చోట్ల సమంగా గీతలు పడ్డాయంటే అది వేరే సంగతి: చల్లటి ఇంజిన్‌ని స్టార్ట్ చేసిన వెంటనే పూర్తి రేస్ ఇచ్చారు. సిలిండర్ వేడెక్కే లోపే పిస్టన్ ఉబ్బింది. నెత్తిన నడిమధ్య కరిగి బొక్క పడితే టైమింగో, ప్లగ్గో, కంప్రెషనో చూడాలి. ఇన్‌టేక్ వైపు గరుకుగా బూడిదరంగు తిరిగి ఉంటే ఎయిర్ ఫిల్టర్‌లోంచి మట్టి వస్తోంది. ఇంజిన్ విప్పేదాకా ఆగక్కర్లేదు కూడా. సైలెన్సర్ ఊడదీసి, కిక్కర్ని చేత్తో మెల్లగా తిప్పుతూ ఎగ్జాస్ట్ పోర్టులోకి టార్చి వేస్తే పిస్టన్ ఆ వైపు కనబడుతుంది. కాస్త పట్టి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అయిన బండిని "ఏం కాలేదులే" అని తోలేసేవాళ్లు ఈ పది నిమిషాల పని చేస్తే బాగుండును.

ఇక ఆ పెట్రోల్ తగ్గడానికి కారణం ఏంటి? జెట్‌లో చెత్త, ట్యాంకు ఫిల్టర్ మూసుకోవడం, ట్యాంకు మూత గాలిరంధ్రం పూడిపోవడం, ఇవన్నీ ఉంటాయి, ఇవి అందరూ చూస్తారు. చలికాలం ఉదయాల్లో గాలి చిక్కబడి అదే జెట్ చాలకపోవడమూ ఉంది, ఎండలోనే ఇంజిన్ పట్టేస్తుందనుకునేవాళ్లు ఇది మర్చిపోతారు. ఇథనాల్ కలిపిన పెట్రోల్ సంగతి ఇంకోటి. మామూలు పెట్రోల్ ఒక పాలు పూర్తిగా మండాలంటే 14.7 పాళ్ల గాలి కావాలి, 10 శాతం ఇథనాల్ ఉంటే 14.1 చాలు. అంటే పాత పెట్రోల్‌కి అతికినట్టు సరిపోయిన జెట్ ఇప్పుడు కాస్త చిన్నదే.

ఎవరూ చూడనిది క్రాంకు కేసు. టూ స్ట్రోక్‌లో పిస్టన్ పైకి పోయిన ప్రతిసారీ క్రాంకు కేసు గాలి పీల్చుకుంటుంది. కార్బొరేటర్ దారిలో పీల్చుకుంటే ఆ గాలితో పెట్రోల్ కూడా వస్తుంది. క్రాంకు చుట్టూ ఉండే రబ్బరు ఆయిల్ సీలు పెదవి గట్టిపడినా, కార్బొరేటర్ రబ్బరు పగిలినా, సిలిండర్ కింద ప్యాకింగ్ ఊడినా ఆ సందులోంచి వట్టి గాలి దూరుతుంది. ఏ జెట్ దగ్గరా ఆ గాలికి లెక్క ఉండదు. పైగా ఏటీవీ బురదలో, ఇసుకలో మొదటి రెండో గేర్లలో బరువు లాగుతుంది. ఎదురుగాలి తక్కువ, లోడు ఎక్కువ. రోడ్డు బండి అయితే తట్టుకునేంత లీకు దీన్ని పట్టేయించేస్తుంది.

లీకు ఉన్న ఇంజిన్ ముందే చెబుతుంది, వినేవాళ్లుంటే. రేస్ వదిలేసినా శబ్దం వెంటనే దిగదు, కాసేపు పైనే వేలాడి తర్వాత దిగుతుంది. ఐడిలింగ్ ఒకరోజు సెట్ చేస్తే మర్నాటికి మారిపోతుంది. వేడెక్కాక కూడా చోక్ కాస్త లాగితేనే నున్నగా నడుస్తుంది. ఇందులో ఏదున్నా స్క్రూ తిప్పుకుంటూ కూర్చోకుండా ప్రెషర్ టెస్ట్ చేయించాలి.

అది ఎలా చేస్తారో కాస్త వివరంగా రాస్తాను, మీ పాఠకుల్లో మెకానిక్కులు కూడా ఉంటారు కాబట్టి. సైలెన్సర్ తీసేసి ఎగ్జాస్ట్ పోర్టుకి రబ్బరు బిరడా బిగించాలి. కార్బొరేటర్ తీసేసి ఆ రబ్బరు గొట్టానికి ఇంకో బిరడా వెయ్యాలి, దానికి చిన్న వాల్వు ఉండాలి. స్పార్క్ ప్లగ్ తియ్యకూడదు. ఆయిల్ పంపు గొట్టం ఇంజిన్‌లోకి దిగే చోటు కూడా మూసెయ్యాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. పిస్టన్‌ని కిందికి దించి, చిన్న చేతి పంపుతో 6 పీఎస్ఐ దాకా మాత్రమే గాలి కొట్టాలి. కంప్రెసర్ తగిలిస్తే బాగున్న సీలు కూడా ఎగిరిపోతుంది. మంచి ఇంజిన్‌లో ఆ 6 పీఎస్ఐ ఆరు నిమిషాలు నిలవాలన్నది చాలామంది పాటించే కొలత. నిమిషంలో ఒక పీఎస్ఐ కంటే ఎక్కువ దిగిందంటే లీకు ఉన్నట్టే లెక్క.

అప్పుడు సబ్బు నీళ్లు. కార్బొరేటర్ రబ్బరు చుట్టూ, హెడ్ కింద, సిలిండర్ అడుగున చల్లి చూడాలి. అక్కడేమీ లేకపోతే పుల్లర్‌తో మాగ్నెట్ (క్రాంకు కొసన ఉండే చక్రం) లాగేసి వెనక సీలు మీద చల్లాలి. లీకున్న చోట బుస్సుమనే శబ్దం ఏమీ రాదు. సీలు పెదవి దగ్గర ఆవగింజంత నురగ పుడుతుంది, మెల్లగా పెరిగి పగులుతుంది, మళ్లీ అక్కడే పుడుతుంది. సీలు చూడ్డానికి కొత్తదానిలాగే నల్లగా, నున్నగా ఉంటుంది. తీసి రెండు వేళ్ల మధ్య వంచితే మాత్రం ప్లాస్టిక్‌లా గట్టిగా ఉంటుంది. పదేళ్లు షెడ్డులో పడుకున్న బండికి పరుగు తక్కువే అయినా ఈ జబ్బు ఖాయం. రెండో సీలు క్లచ్ వైపు ఉంటుంది. అది పోతే గేర్ ఆయిల్‌ని లోపలికి లాక్కుంటుంది, తెల్లటి పొగ వస్తుంది, గేర్ ఆయిల్ తగ్గిపోతూ ఉంటుంది. టెస్ట్ చేసేటప్పుడు గేర్‌బాక్సు బ్రీదర్ గొట్టం కొసని నీళ్లలో ముంచితే బుడగలొస్తాయి. కొన్ని సీళ్లు లోపలి నుంచి తోస్తే నిలబడి, బయటి నుంచి లాగితే లీకవుతాయి. అందుకని వీలైతే వ్యాక్యూమ్ పెట్టి కూడా చూడటం మంచిది.

రీబోర్‌కి వచ్చినవాళ్లని నేను ఈ టెస్ట్ గురించే అడుగుతాను. చేయించలేదంటే ముందు చేయించుకు రమ్మంటాను. కొంతమందికి కోపం వస్తుంది. బోరు నా పని, అది చేసిస్తే నా పని అయిపోతుంది, నిజమే. లీకు అలాగే ఉంటే మాత్రం కొత్త పిస్టన్ కూడా అదే సంచిలో, ఎగ్జాస్ట్ వైపు అవే గీతలతో తిరిగొస్తుంది.

కుర్రాళ్లు ఇంకో కోరిక కోరతారు. "అన్నా, ఈసారి ఖాళీ కొంచెం ఎక్కువ పెట్టన్నా, మళ్లీ పట్టకుండా." పెట్టను తమ్ముడూ. ఖాళీ ఎక్కువైతే పిస్టన్ గోడకి సరిగా ఆనదు. ఆనకపోతే వేడి గోడకి ఎలా పోతుంది? చల్లగా ఉన్నప్పుడు టకటకా కొట్టుకుంటుంది, రింగులు వాలిపోతాయి, వేడెక్కాల్సిన దానికంటే ఎక్కువే వేడెక్కుతుంది. పిస్టన్ తయారీదారు ఎంత రాస్తే అంతే. ఫోర్జ్డ్ (ఒత్తి చేసిన) పిస్టన్‌కి కాస్ట్ (పోత పోసిన) పిస్టన్ కంటే ఎక్కువ ఖాళీ కావాలి, ఆ సంగతి డబ్బా మీదే రాసి ఉంటుంది. అందుకే పిస్టన్ నా చేతిలో పెట్టకుండా ఫోన్‌లో సైజు చెప్పి బోరు చెయ్యమంటే నేను చెయ్యను.

ఫిన్స్ గురించి మీరు రాసిందానికి రెండు మాటలు కలుపుతాను. ఎండిన బురద ఫిన్స్ మధ్య చేరితే సిలిండర్‌కి దుప్పటి కప్పినట్టే. ఎక్కువగా చేరేది ముందు వైపు కాదు, వెనక వైపు, సైలెన్సర్ పైప్ వంపు తిరిగే చోట. సీటు మీద నుంచి చూస్తే కనబడదు. చెక్క పుల్లతో గీకి, బ్రష్‌తో కడగాలి, ఇంజిన్ పూర్తిగా చల్లారాకే. ఫిన్స్ మెరవాలని మందపాటి పెయింట్ వెయ్యకండి. వేడి తట్టుకునే నల్ల రంగు పల్చగా పూస్తే సరిపోతుంది. ముందు బంపర్‌కి బ్యాగులు కట్టి ఇంజిన్‌కి గాలి అడ్డుకునేవాళ్లు కూడా ఉన్నారు.

ఫ్యాన్ ఉన్న ఇంజిన్ల మీద రేకు తొడుగు ఉంటుంది. "ఇది తీసేస్తే ఇంకా గాలి తగులుతుంది కదా" అని పీకేస్తారు. ఫ్యాన్ గాలిని ఫిన్స్ మధ్యలోంచి తోలేది ఆ తొడుగే. అది లేకపోతే ఫ్యాన్ గాలి దొరికిన దారిన చెదిరిపోతుంది, సిలిండర్ వెనక భాగం మాడిపోతుంది. మీ వ్యాసం పక్కన వేసిన ఫోటోలో బండికి ఆ తొడుగు లేదు, దయచేసి గమనించండి. ఫోటో చూసి ఎవరైనా అదే చేస్తారని నా భయం.

గాలితో చల్లబడే డిజైనే చెడ్డదని కొందరు వాదిస్తారు. హోండా వాళ్లు 1981లో ఏటీసీ250ఆర్‌ని ఎయిర్ కూల్డ్‌గా తెచ్చి 1985 మోడల్‌కి నీళ్ల కూలింగ్ పెట్టారు, నిజమే. ఎక్కువ పవర్ కావాలన్నారు కాబట్టి పెట్టారు. యమహా బ్లాస్టర్ మాత్రం 195 సీసీ ఎయిర్ కూల్డ్ ఇంజిన్‌తో 1988 నుంచి 2006 దాకా అలాగే వచ్చింది. డిజైన్‌లోనే జబ్బు ఉంటే అన్నేళ్లు అమ్మేవాళ్లు కాదు.

ప్లగ్ విషయంలో కూడా ఒక అపోహ ఉంది. "కోల్డ్" ప్లగ్ వేస్తే ఇంజిన్ చల్లబడుతుందనుకుంటారు. చల్లగా ఉండేది ప్లగ్ మొన ఒక్కటే, పిస్టన్‌కి ఒరిగేదేమీ లేదు. పైగా ఎన్‌జీకేలో అంకె పెరిగితే కోల్డు, కొన్ని వేరే కంపెనీల్లో అంకె తగ్గితే కోల్డు. అది చూడకుండా ఒకటికి బదులు ఇంకోటి వేసి నష్టపోయినవాళ్లు ఉన్నారు. ఖర్చు పెట్టాలనుకుంటే ప్లగ్ కింద వాషర్‌లా కూర్చునే టెంపరేచర్ మీటరు పెట్టుకోండి. సాధారణంగా 150 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ మధ్య తిరుగుతుంది. అంకె ఇంజిన్ని బట్టి మారుతుంది, కాబట్టి మీ బండి బాగున్న రోజుల్లో ఎంత చూపిస్తుందో గుర్తు పెట్టుకోండి. అదే దారిలో, అదే లోడుతో ఒకరోజు ముప్ఫై డిగ్రీలు ఎక్కువ చూపిస్తే ఏదో తేడా వచ్చినట్టే.

దారిలో ఇంజిన్ బిగుసుకుంటున్నట్టు అనిపిస్తే, శబ్దం మారి లాగుడు తగ్గితే, వెంటనే క్లచ్ పట్టి రేస్ వదిలెయ్యాలి. క్లచ్ లివర్ లేని ఆటోమేటిక్ అయితే రేస్ వదలడమే. ఫ్యాన్ ఉంటే ఒకట్రెండు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచితే ఫ్యాన్ చల్లారుస్తుంది. ఫ్యాన్ లేనిదాన్ని నిలబెట్టి ఐడిలింగ్‌లో ఉంచడం వల్ల లాభం లేదు, ఆపెయ్యండి. నీళ్లు మాత్రం పొయ్యొద్దు. సిలిండర్ బయటి నుంచి ఒక్కసారిగా ముడుచుకుని, ఇంకా ఉబ్బి ఉన్న పిస్టన్‌ని పట్టేస్తుంది. ఫిన్స్ కూడా పగలొచ్చు. పొడవాటి దిగుడులో రేస్ పూర్తిగా మూసి ఇంజిన్‌తోనే బ్రేక్ వేసుకుంటూ దిగడం ఇంకో ప్రమాదం. పెట్రోల్‌లో ఆయిల్ కలిపిన బండికి రేస్ మూసేస్తే ఆయిల్ కూడా మూసుకుపోతుంది, ఇంజిన్ మాత్రం వేగంగా తిరుగుతూనే ఉంటుంది. మధ్యమధ్యలో క్లచ్ పట్టి కాస్త రేస్ ఇస్తూ దిగండి.

ఆయిల్ పాళ్ల గురించి వచ్చే వారం ఒక సవరణ వేస్తారని ఆశిస్తున్నాను. చోటుంటే ప్రెషర్ టెస్ట్ బొమ్మ కూడా వెయ్యండి, మాటల్లో చెప్పినదానికంటే సులువుగా అర్థమవుతుంది.

బోరు చేయించుకున్నవాళ్లు ఒక పని చెయ్యండి. కొత్త పిస్టన్‌తో మొదటి రోజే ఇసుకలోకి దిగకండి. స్టార్ట్ చేసి ఫిన్స్ మీద చెయ్యి పెట్టలేనంత వేడి ఎక్కాక ఆపి, పూర్తిగా చల్లారనివ్వండి. అలా రెండు మూడుసార్లు చేశాక, హెడ్ నట్లు మళ్లీ టార్క్ రెంచ్‌తో చూసుకోండి. మొదటి ట్యాంకు అయ్యేదాకా సగం రేస్ దాటకుండా, ఒకే వేగం మీద ఎక్కువసేపు ఉంచకుండా తోలండి.

ఇట్లు,
ఒక సిలిండర్ బోరింగ్ మెకానిక్